లోపలి గడియ

"నిజం చెప్పమంటారా? ఆయన పోయినందుకు నాకేం బాధగా లేదు," అంది ట్యూషన్ టీచర్. "నలుగురి కోసం లేని ఏడుపు ఏడవడం నాకు రాదు. మూడేళ్ళు ఆయన వదిలిన పొగ పీల్చాను."

నాలుగో అంతస్తులో ఎదురెదురుగా రెండు తలుపులు. ఒకటి ఈమెది. రెండోదానికి పోలీసు సీలు పడి ఉంది. ఆ ఇంట్లో ఉండే మనిషిని బిల్డింగంతా 'పొగబండి' అనేవారు. సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైనవాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. పోయిన ఆదివారం సాయంత్రం బిల్డింగు వెనక సందులో, జనరేటర్ షెడ్డు పక్కన శవమై కనిపించాడు. డాబా మీద సిగరెట్ తాగుతూ పిట్టగోడ మీంచి జారిపడ్డాడని పోలీసులు ఒక్క పూటలో తేల్చేశారు. బిల్డింగులో ఎవరూ కాదనలేదు.

కాదన్నది ఆయన చెల్లెలొక్కతే. ఆస్పత్రిలో నర్సు. అన్న ఒళ్ళు కడిగింది తనే.

"పైనుంచి పడ్డవాళ్ళ చేతులు నేను చాలా చూశాను మేడమ్," అని ఆమె డిటెక్టివ్ దగ్గర కూర్చుని చెప్పింది. "అన్నయ్య పిడికిళ్ళు రెండూ చిటికెన వేలి పక్కన కమిలిపోయి ఉన్నాయి. దేన్నో బాదిన చేతులవి. ఆ చర్మంలో ఆకుపచ్చ పెయింటు గుచ్చుకుని ఉంది. ఎంత కడిగినా వదల్లేదు."

అందుకే డిటెక్టివ్ ఇప్పుడు టీచర్ హాల్లో, పిల్లలు పాఠం చదువుకునే చాప పక్కన, కుర్చీ చివర కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు పోలీసు శాఖలోనే ఇన్స్‌పెక్టరుగా పనిచేసి, ఇమడలేక బయటికొచ్చింది.

"డాబా తలుపు ఏ రంగండీ?"

"ఆకుపచ్చ."

"మీ గుమ్మం దాటి మెట్లెక్కితే అదే కదా?"

"అవును."

"ఆదివారం సాయంత్రం ఏం వినబడింది?"

"ఏమీ వినబడలేదు. టీవీ చూస్తున్నాను."

"సౌండు ఎప్పుడు పెంచారు?"

టీచర్ చాప మీది పుస్తకాలు సర్దడం మొదలుపెట్టింది.

"వాచ్‌మన్ చెప్పాడు," అంది డిటెక్టివ్. "ఆ సాయంత్రం మీ టీవీ గేటు దాకా వినబడిందట. మామూలుగా మీరు ఎవరింట్లో గిన్నె పడినా కంప్లయింటు చేసే మనిషట. మరి ఆ రోజు అంత సౌండు ఎందుకు పెట్టారు?"

"బాదుతున్నాడు," అంది టీచర్ చివరికి. ఆమె గొంతులో భయం లేదు, కోపమే ఉంది. "డాబా తలుపు దబదబా బాదుతున్నాడు. ఎవరో గడియ పెట్టేసినట్టున్నారు. 'ఎవరైనా తియ్యండమ్మా' అని రెండు మూడు సార్లు అరిచాడు. నా పేరు పెట్టి పిలవలేదు. నన్నే పిలుస్తున్నాడని నాకేం తెలుసు?"

"మీరు వెళ్ళలేదు."

"ఎవరో ఒకరు తీస్తారనుకున్నాను. అందరూ అలాగే అనుకుని ఉంటారు. కాసేపు ఉండనీ, బుద్ధొస్తుంది అని కూడా అనుకున్నాను. అనుకోవడం నేరమా?"

"ఎంతసేపు బాదాడు?"

"ఐదున్నర సీరియల్ మొదలవగానే మొదలుపెట్టాడు. అయిపోకముందే ఆపేశాడు."

"అంటే ఆరుకి ముందే. ఆపేశాక మీరేం చేశారు?"

టీచర్ చాప అంచు వైపు చూసింది. "సౌండు తగ్గించాను."

డిటెక్టివ్‌కి ఆమెను తిట్టాలనిపించింది. తిట్టి ప్రయోజనం లేదు. ఈ ఇళ్ళన్నిట్లో ఈమె ఒక్కతే నిజం చెప్పింది.

"ఆయన పొగ మీ ఇంట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చేది?"

"బాత్రూం కిటికీలోంచి. అన్ని బాత్రూములూ ఒకే డక్టులోకి తెరుచుకుంటాయి కదా. అందుకే కదా పోట్లాడి రూలు పెట్టించాను! ఇంట్లో, మెట్ల మీద, బాల్కనీలో ఎక్కడా తాగకూడదు, తాగితే డాబా మీదే తాగాలి అని. అసోసియేషన్ సెక్రెటరీ గారు మెట్ల గోడకి బోర్డు కూడా కొట్టించారు. ఈయన సరే సరే అన్నాడు. అన్నాక కూడా దొంగచాటుగా బాత్రూంలో తాగేవాడు. అడిగితే 'నేను కాదమ్మా, నేను డాబా మీదికే పోతున్నాను' అని ఒట్టు వేసేవాడు. అబద్ధాలకోరు!"

"ఆయన పోయి ఐదు రోజులైంది," అంది డిటెక్టివ్. "వాసన ఆగిందా?"

టీచర్ ముఖంలో కోపం మెల్లగా ఇంకిపోయి, దాని అడుగున ఉన్నది బయటపడింది.

"లేదు," అంది చాలా చిన్నగా. "ఆగలేదు. ఇవాళ కూడా వచ్చింది. పదకొండు గంటలకి."

"ఎవరికైనా చెప్పారా?"

"ఏమని చెప్పమంటారు? ఇన్నాళ్ళూ ఆ మనిషిని ఊరికే ఆడిపోసుకున్నానని చెప్పనా?"

* * *

డాబా తలుపు ఇనుప రేకుది. డాబా వైపున, ఛాతీ ఎత్తులో, ఆకుపచ్చ పెయింటు పెచ్చులుగా లేచిపోయి ఉంది. గడియ మాత్రం ఇవతల, మెట్ల వైపున. ఏళ్ళ తరబడి ఎవరూ వెయ్యని గడియ. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆ తుప్పు మీద కొత్తగా గీసుకున్న గీత తళతళ మెరుస్తోంది. ఆడపిల్ల వేలితో నెడితే కదిలే గడియ కాదు. డిటెక్టివ్ ప్రయత్నించి చూసింది. బొటనవేలు నొప్పి పుట్టింది తప్ప అది కదల్లేదు.

వాటర్ ట్యాంకు వెనక పెయింటు డబ్బాలు రెండు బోర్లించి ఉన్నాయి, ఎదురెదురుగా. మధ్యలో ఇసుక నింపిన డబ్బా. అందులో సిగరెట్ పీకలు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఒక పుల్లతో ఇసుక కెలికింది. పీకలు రెండు రకాలుగా ఉన్నాయి. కొన్ని ఫిల్టరు దాకా కాలి, చివర పళ్ళతో నొక్కినట్టు చదునైపోయి ఉన్నాయి. కొన్ని సగం కూడా కాలలేదు. ఎవరో తొందరలో, కానీ ఒద్దికగా, ఇసుకలో గుచ్చి ఆర్పినవి. బోర్లించిన రెండో డబ్బా పక్కన నేల మీద నల్లగా ఏవో పలుకులు. ఒకటి తీసి వాసన చూసింది. నమిలి ఉమ్మేసిన లవంగాలు.

పొగబండి ఒక్కడే కూర్చునే చోటు కాదిది.

తర్వాత పిట్టగోడ మీంచి తొంగి చూసింది. గోడ వెంట మురుగు పైపు కిందికి దిగుతోంది. ఒక అంతస్తు దిగితే పొగబండి ఇంటి వెనక బాల్కనీ. పైపును గోడకి పట్టి ఉంచే క్లాంపుల్లో ఒకటి ఊడి, ఒక్క మేకుతో వేలాడుతోంది. దాని కింద గోడ సున్నం మీద చెప్పు రాసుకున్న గీత, కిందికి సాగింది.

"పాత అలవాటు పోలేదన్నమాట," అని వెనకనుంచి గొంతు వినిపించింది. "పక్కవాడి కేసులో వేలు పెట్టడం."

సీఐ. ఈ ఏరియా స్టేషను ఆయనదే. ఈ బిల్డింగు రెండో అంతస్తులో కాపురమూ, అసోసియేషన్ ప్రెసిడెంటు పదవీ ఆయనవే. డిటెక్టివ్‌తో ఒకే బ్యాచ్‌లో శిక్షణ పొందినవాడు. యూనిఫాం లేకుండా, ఇంటి బట్టల్లో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"నీ ఇంటి వెనక మనిషి చస్తే నువ్వే దర్యాప్తు చేసుకున్నావు," అంది ఆమె లేవకుండానే. "నీ పై అధికారులు ఎలా ఒప్పుకున్నారో?"

"ప్రమాదానికి దర్యాప్తేమిటి? జారాడు, పడ్డాడు."

"పిట్టగోడ మీంచి జారినవాడు పైపు క్లాంపు పీక్కుంటూ పడతాడా? ఇతను జారలేదు, దిగాడు. తలుపు బాది బాది, ఎవరూ తియ్యకపోతే, పైపు పట్టుకుని తన బాల్కనీలోకి దిగబోయాడు. ప్రొజెక్టర్ గదికి ఇనుప నిచ్చెన ఎక్కీ దిగీ బతికినవాడు. దిగగలననుకున్నాడు. క్లాంపు మోసం చేసింది."

"కథ బాగుంది. గడియ ఎవరు పెట్టారట?"

"అది నువ్వు చెప్పాలి. ఏడు గంటలకి సందులో శవం కనబడితే వాచ్‌మన్ పైకి పరిగెత్తాడు. అప్పటికి గడియ తీసి ఉంది. అంటే ఆరుకీ ఏడుకీ మధ్య ఎవరో వచ్చి తీశారు. తీసినవాళ్ళకి డాబా మీద మనిషి లేడని తెలిసింది. కిందికి తొంగి చూసే ఉంటారు. అయినా నోరు మెదపలేదు. వాచ్‌మన్ ఈ మాట నీకు చెప్పానన్నాడు. నీ రిపోర్టులో ఎందుకు లేదు?"

"తాగుబోతు మాటలన్నీ రాసుకుంటూ కూర్చోమంటావా?"

"వాచ్‌మన్ తాగడు. నీకు తెలుసు."

సీఐ నవ్వాడు. "చూడు. ఈ బిల్డింగులో ఆ ముసలాడంటే గిట్టని ఇళ్ళే అన్నీ. ఎవడో ఆటపట్టించడానికి గడియ పెట్టాడనుకుందాం. ఎవణ్ణి పట్టుకుంటావు? పెద్ద పెద్ద ఉద్యోగాలవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు. ఒక పొగబండి కోసం ఎంతమందిని రోడ్డుకీడుస్తావు? నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పు ఆరిపోయింది, పొగా పోయింది. వదిలెయ్."

"పొగ పోలేదు," అంది డిటెక్టివ్. లేచి మోకాళ్ళకంటిన దుమ్ము దులుపుకుంది. "ఇవాళ పదకొండింటికి డక్టులోంచి వచ్చిందట."

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం ఒక్క క్షణం ట్యాంకు వెనక్కి, ఆ రెండో పెయింటు డబ్బా వైపు వెళ్ళి వచ్చాయి. డిటెక్టివ్ అది చూసింది.

"గిట్టని ఇళ్ళలో నీ ఇల్లు కూడా ఉందటగా?" అంది. "మీటింగులో నువ్వు పొగ గురించి క్లాసు పీకుతుంటే, 'నా పొగ గాలికి పోతుంది సార్, మీ కుక్క మొరుగుడు తెల్లారేదాకా చెవిలోనే ఉంటుంది' అన్నాడట. అందరూ విరగబడి నవ్వారట. టీచర్ కూడా నవ్విందట."

"గంట టైమిస్తున్నా," అన్నాడు సీఐ. ఇప్పుడు నవ్వు లేదు. "ఈలోపు బిల్డింగు దాటకపోతే, అనుమతి లేకుండా ఇళ్ళల్లో చొరబడ్డావని కేసు పెడతా. నీ లైసెన్సు సంగతి నేను చూసుకుంటా. ఒకసారి ఉద్యోగం పోగొట్టుకున్నావు, ఇది కూడా పోగొట్టుకోకు."

"ఉద్యోగం పోలేదు. నీలాంటివాళ్ళతో కూర్చోలేక నేనే వదిలేశాను."

ఆయన మెట్లు దిగిపోయాడు. డిటెక్టివ్ ఆ అడుగుల చప్పుడు ఎక్కడాగుతుందోనని విన్నది. రెండో అంతస్తులో తలుపు పడింది. కుక్క మొరిగింది.

అప్పుడామె లెక్క వేసుకుంది. పొగ పైకే పోతుంది. టీచర్ బాత్రూం కింద మూడో అంతస్తులో సెక్రెటరీ ఇల్లు. దాని కింద సీఐ ఇల్లు. మొదటి అంతస్తు ఖాళీ. ఎదుటి వరుస ఇళ్ళవాళ్ళంతా ఆ వేళకి ఉద్యోగాల్లో ఉంటారు. పదకొండు గంటలకి సెక్రెటరీ ఆఫీసులో ఉంటాడు, సీఐ మామూలుగా స్టేషన్లో ఉంటాడు. సీఐ భార్యాపిల్లలు నెల రోజులుగా ఊళ్ళో లేరని వాచ్‌మన్ చెప్పాడు. ఇక పొద్దున పదకొండింటికి ఆ డక్టు పక్కన ఉండే మనిషి ఒక్కరే.

* * *

సెక్రెటరీ భార్య తలుపు సగమే తెరిచింది. నలభై లోపు మనిషి. పలకరింపుగా నవ్వబోయి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కాస్త సందులోంచే లవంగం వాసన వచ్చింది.

"మా వారు ఆఫీసుకెళ్ళారండీ. సాయంత్రం రండి."

"ఆయనతో పనిలేదమ్మా. పన్ను నొప్పా?"

"ఆఁ... అవునండీ. పంటి నొప్పి."

"లవంగం మంచిదే. డాబా మీద కూడా దొరికాయి. పాపం, పొగబండి గారికి నొప్పి పుట్టడానికి ఒక్క పన్నూ లేదు. రెండు వరుసలూ కట్టుడు పళ్ళే. వాళ్ళ చెల్లెలు చెప్పింది."

ఆమె తలుపు మూయలేదు, తెరవలేదు. అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత పక్కకి జరిగింది. డిటెక్టివ్ లోపలికొచ్చి సోఫాలో కూర్చుంది. హాల్లో గోడకి అద్దంలో సెక్రెటరీ ఫోటో. ఏదో సభలో పొగాకు వద్దని ప్రమాణం చేయిస్తున్నాడు.

"మా ఆయనకి తెలిస్తే చంపేస్తాడండీ," అంది ఆమె నిలబడే. "నిజంగా చంపుతాడని కాదు. బతకనివ్వడు. పెళ్ళికి ముందు హాస్టల్లో అలవాటైంది. మానేశాను, మళ్ళీ మొదలెట్టాను. ఆయన వెళ్ళాక బాత్రూంలో, స్టూలెక్కి, కిటికీ దగ్గర రోజుకి ఒక్కటి. ఆ వాసనకి పైన గొడవ మొదలైంది. అందరూ ఆ పెద్దాయన్ని అన్నారు. మా ఆయనే బోర్డు కొట్టించాడు. మేకులు నేనే అందించాను."

"పొగబండి గారికి తెలుసా?"

"తెలియకేం! ఒకరోజు లిఫ్టులో, 'అమ్మాయ్, నువ్వు తాగేది నా బ్రాండు కాదు, అందుకే కనిపెట్టాను' అన్నాడు. 'భయపడకు. నన్నెలాగూ తిడుతున్నారు, ఇంకో నాలుగు తిడితే అరిగిపోతానా?' అన్నాడు." ఆమె పైకప్పు వైపు చూసింది. "అప్పట్నించి ఆదివారాలు మా ఆయన క్లబ్బుకెళ్ళాక డాబా మీదికి పోయేదాన్ని. పాత సినిమాల సంగతులు చెప్పేవాడు. రీలు తెగితే హాల్లో జనం ఎలా తిట్టేవారో చెప్పి నవ్వించేవాడు. ఇంతేనండీ. ఇంతకంటే ఏం లేదు."

"ఇంకేదో ఉందని నేననలేదమ్మా. ఆ ఆదివారం కూడా వెళ్ళావు."

"వెళ్ళాను. ట్యాంకు వెనక కూర్చున్నాం. తలుపు చప్పుడైంది. చూస్తే మెట్ల వైపునుంచి బిగిసిపోయి ఉంది. ఆయన బాదాడు. నన్ను వెనకాలే ఉండమన్నాడు, ఎవరైనా తీస్తే నేను కనబడకూడదని. ఫోన్లు ఇద్దరివీ ఇళ్ళల్లోనే ఉన్నాయి. నేను తీసుకెళ్ళను, మా ఆయన చేస్తే ఎక్కడున్నానో చెప్పాలి కదా. ఎవరూ రాలేదు. టీవీ మోత తప్ప ఏం లేదు. మా ఆయన వచ్చే వేళవుతోంది. నేను ఏడుపు మొదలుపెట్టాను." ఆమె ముఖం తుడుచుకోలేదు. "నేను ఏడవకపోతే ఆయన దిగేవాడు కాదు. 'ఊరుకో, ఒక్క అంతస్తే కదా. మా ఇంట్లోంచి వచ్చి గడియ తీస్తాను, నువ్వు మెల్లగా దిగిపో, నిన్నెవరూ చూడరు' అన్నాడు. చెప్పులు కూడా విప్పలేదు."

డిటెక్టివ్ లేచి ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. కింద పడి ఉన్న మనిషి పైకి చూసి ఉంటే, తను కాపాడబోయిన మనిషి ముఖమే కనబడి ఉంటుంది.

"పడ్డాక నువ్వు అరవలేదు."

"గొంతు రాలేదండీ. పిట్టగోడ పట్టుకుని చూస్తూ ఉన్నాను. ఆయన చెయ్యి కదులుతోంది. ఇలా..." ఆమె తన వేళ్ళు మెల్లగా ముడిచి, తెరిచింది. "బతికే ఉన్నాడు. అప్పుడు వెనకాల గడియ తీసిన చప్పుడైంది. పరిగెత్తాను. కాళ్ళ మీద పడ్డాను. 'పడిపోయాడు, చెయ్యి కదులుతోంది, అంబులెన్సు పిలవండి' అన్నాను. ఆయన వచ్చి కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, 'పోయాడు. నువ్వు ఇక్కడ లేవు. నేనూ లేను. కిందికి పో' అన్నాడు. 'లేదు, చూడండి, కదులుతోంది' అన్నాను. 'వాణ్ణి బతికిస్తే నువ్వెక్కడున్నావో మీ ఆయనకి చెప్పాల్సొస్తుంది. చెప్పమంటావా?' అన్నాడు."

"నువ్వు కిందికొచ్చేశావు."

"వచ్చేశాను." ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసింది. "వచ్చి వంట చేశాను."

"గడియ తీసింది మీ ఆయనేనా?"

"కాదండీ. ఆయన ఏడున్నర దాకా రానేలేదు. ఆయనకి ఇప్పటికీ ఏమీ తెలియదు."

"మరి వేసింది?"

"వేసినవాడే తీశాడు. నేను అడిగాను. 'ఎవరు పెట్టారండీ?' అంటే, 'నవ్వులపాలు చేశాడు కదా నన్ను, కాసేపు పైనే ఉంటే తిక్క కుదురుతుందనుకున్నా' అన్నాడు. కుక్క సంగతి..." ఆమె మాట ఆగిపోయింది. చూపు డిటెక్టివ్ భుజం మీదుగా వెనక్కి వెళ్ళి అక్కడే నిలిచిపోయింది.

లోపలికొచ్చాక తలుపు మూసుకోలేదని డిటెక్టివ్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

"చెల్లెమ్మా," అన్నాడు సీఐ గుమ్మంలోంచి, ఎంతో ఆప్యాయంగా. "నీకు నేనేం చెప్పాను?"

డిటెక్టివ్ గిరుక్కున తిరిగి ఇద్దరికీ మధ్య నిలబడింది. ఆయన లోపలికి అడుగుపెట్టి, వెనక్కి చూడకుండానే తలుపు మూశాడు. ఇంటి బట్టల్లో వచ్చిన మనిషి, చొక్కా కింద నడుము దగ్గర బరువుగా ఏదో దోపుకుని ఉన్నాడు.

సోఫాలోంచి ఆమె లేచింది. డిటెక్టివ్ చాటున ఉండకుండా పక్కకి జరిగి, ఆయనకి ఎదురుగా నిలబడింది.

"చెప్పొద్దన్నారు," అంది. "చెప్పేశాను. మా ఆయన వచ్చాక ఆయనకీ చెప్తాను. చెయ్యి కదిలింది. మీరూ చూశారు."